ఏడో మలుపు

3 జులై 2091, మంగళవారం

ఉదయం ఆరింటికి ముప్పై నాలుగు డిగ్రీలు. తూర్పుగాలి. సముద్రపు గోడ దాటి నీళ్ళు రెండుసార్లు రోడ్డు మీదకు వచ్చాయి. లక్క కరిగించి బట్టలో వడకట్టాను. ఎరుపు రెండు కడ్డీలు, పసుపు ఒకటి. కుడి మణికట్టు బెణికి పన్నెండు రోజులైంది. కట్టు ఇంకా విప్పలేదు. పనంతా ఎడంచేత్తోనే.

పది గంటలకు తీరగాడిని తూనిక ముందు పెట్టాను. తీరగాడు కొయ్యబొమ్మలతో సినిమాలు తీసే మా శాల కొత్త రోబో. ముడిచి ఉంటే పడవ, విప్పితే మనిషి. మధ్యలో ఏడు మలుపులు. తూనిక అంటే కొత్త రూపాలను నమోదు చేసే రూపాల మండలి వాళ్ళు ప్రతి శాలలోనూ పెట్టిన గాజుపెట్టె. ఇంతవరకు ఏ బొమ్మల సినిమాలో ఏ రోబో ఎలా మారిందో అంతా దానికి తెలుసు. నలభై ఒక్క లక్షల రూపాలు. అది ముఖం చూడదు, రంగు చూడదు. పడవకీ మనిషికీ నడుమ జరిగేది మాత్రమే చూస్తుంది. పాతవాటితో పోలిక నూటికి ముప్పై దాటితే ఆ రూపం కొత్తది కాదు. తొమ్మిదేళ్ళలో మేం తెచ్చుకున్న అతి తక్కువ అంకె ఇరవై ఆరు.

ఈరోజు పదకొండు వచ్చింది.

లక్కపని చేసే ఎర్రన్న గాజుపెట్టె మీద వేలితో కొట్టాడు.

"బావా, ఇది పాడైపోనాదేటో. ఇంకోపాలి సూపించు."

ఇంకోసారి విప్పాను. పదకొండే.

విశాలాక్షి గారు కుర్చీలో కూర్చుండిపోయారు. శాల ఆవిడది. తీరగాడి కథ నాలుగేళ్ళుగా రాస్తున్నారు. "పైడయ్య గారూ, పొద్దున్న ఏం తిన్నారండీ మీరు?" అన్నారు. గంజి అన్నాను. అందరూ నవ్వారు.

మండలి అధికారి పద్నాలుగో తేదీన వస్తారు. ఆ రోజు ఈ పనిపుస్తకం ఆవిడకు చూపించాలి. చివరి పేజీలో నా చేత్తో వాంగ్మూలం రాయాలి: ఈ రూపం నా చేతుల్లోంచి వచ్చింది, మరొకరిది చూసి చేయలేదు అని.

మధ్యాహ్నం కత్తులు నూరాను.

4 జులై, బుధవారం

మబ్బు. వాన పడలేదు. రెండో ప్రతికి అంకుడు కర్ర కోశాను. చేతులకి నాలుగు ముక్కలు, కాళ్ళకి ఆరు, నడుముకి రెండు.

విశాలాక్షి గారు మండలికి పంపే వినతిని పైకి చదువుకుంటూ రాయించారు. నా బల్ల పక్కనే కాబట్టి విన్నాను.

"యంత్రాలు గీసే సినిమాల్లో ఏదైనా ఏదైనా అయిపోతుంది. బస్సు నీళ్ళలా కరిగి మనిషవుతుంది. అందుకే ఎవరికీ ఆశ్చర్యం మిగల్లేదు. మా తీరగాడి మోకాలు పడవలో ఎక్కడ దాక్కుని ఉందో చూసేవాళ్ళు వేలితో చూపించగలరు."

నిజమే. తీరగాడిలో దొంగముక్క లేదు. మారేటప్పుడు మాయమైపోయే ముక్కనో, పెద్దదైపోయే ముక్కనో మేం అలా అంటాం. వీపుమూట కూడా లేదు. పడవ అడుగుచెక్కని ఎక్కడ దాచాలో తెలియక చాలామంది మనిషి వీపుకి తగిలించేస్తారు. తీరగాడికి ఆ చెక్క నాలుగో మలుపులో నడుము దగ్గర రెండుగా విడిపోయి తొడలవుతుంది. ఆ నడుము వల్లే పదకొండు వచ్చింది.

ఆ నడుము ఎలా తట్టిందని విశాలాక్షి గారు అడిగారు. చెయ్యి బెణికింది కదండీ, ఎడంచేత్తో తిప్పుతుంటే వచ్చింది అన్నాను. అది కూడా వినతిలో రాయించారు.

5 జులై, గురువారం

ముప్పై అయిదు డిగ్రీలు. ఉక్క. రెండో ప్రతి బిగించాను. సాయంత్రానికి లక్క పట్టించాలని ఎర్రన్నకి ఇచ్చాను.

ఎర్రన్న దాన్ని చేతిలో తిప్పుతూ "నానూ ఓపాలి నిలబెడతాను" అన్నాడు. మూడు మలుపులు తిరిగాయి. తర్వాత ఆగిపోయింది.

"నాలుగో మలుపు కాడ పట్టేసింది బావా."

"కుడిచేత్తో తిప్పుతున్నావు. ఎడంచేత్తో తిప్పు. కుడి సగం ముందు కదలాలి. ఎడమ సగం ముందు కదిలితే లోపలి నాలుక అడ్డం పడుతుంది."

ఎడంచేత్తో తిప్పాడు. తిరిగింది. "ఓరి దీనెమ్మ!" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

నాలుగో మలుపు దగ్గర పట్టేసింది. ఈ మాట ఎక్కడో రాశాను.

లక్కపని చూడలేదు. రెండు గంటలు ఖాళీగా కూర్చున్నాను.

6 జులై, శుక్రవారం

వాన. తలుపు పక్క కారుతున్న చోట రేకు వేశాను. అటక మీద నుంచి పాత పనిపుస్తకాలు దించాను. ఇరవై రెండు ఉన్నాయి. దొరికింది. ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

"19 ఫిబ్రవరి 2088. ఎండ. చిత్రికపట్టే సియాద్రి నూకరత్నం నమూనా తెచ్చింది. పీత నుంచి మనిషి. నాలుగో మలుపు దగ్గర పట్టేసింది. మూడుసార్లు చూపించింది. మూడుసార్లూ పట్టేసింది. పనికిరాదన్నాను. రివాజు ప్రకారం పొయ్యిలో వేశాం. లక్క బాగా కరిగింది."

శాలలో తొలిపరీక్ష చేసేది నేనే. తూనిక ముందుకు ఏది వెళ్ళాలో, ఏది వెళ్ళకూడదో నేను చెబుతాను. వద్దన్న నమూనాని చేసినవాళ్ళ ఎదుటే కాల్చేస్తాం. అది ఎవరి కంటా పడకూడదని, తర్వాత ఎవరి పనిలోకీ తెలియకుండా జారిపోకూడదని పెట్టుకున్న రివాజు. కాల్చే ముందు నమూనాని పట్టుకుని చూసేది మాత్రం నేను. ఆ రోజు ఎంతసేపు పట్టుకున్నానో పుస్తకంలో లేదు. పది నిమిషాలు ఉండవచ్చు.

అది విప్పుకోవడం నేను చూడలేదు. నాలుగో మలుపు తర్వాత ఏముందో నాకు తెలియదు. చూడనిదాన్ని ఎలా చేస్తాను? చెయ్యి బెణకడం వల్ల వచ్చిందని మొన్న చెప్పాను. ఆ మాట చెప్పినప్పుడు నిజమనే అనుకున్నాను.

ఇప్పుడు తెలియదు.

నూకరత్నం ఆ మార్చిలో పని మానేసింది.

7 జులై, శనివారం

వాన తగ్గింది. కర్ర తిప్పే తరిణికి పట్టీ మార్చాను. విశాలాక్షి గారికి పాత పేజీ చూపించాను. రెండుసార్లు చదివారు.

"పీత నుంచి మనిషి. మనది పడవ నుంచి మనిషి. ఏం సంబంధమండీ?"

"నాలుగో మలుపు."

"పట్టేసిందని మీరే రాశారు. విప్పుకోని దాన్ని మీరు కాపీ కొట్టారా? ఎలా?"

"చేతులు పట్టుకుని చూశాయి."

"మీ చేతులు నలభై ఏళ్ళుగా వేల బొమ్మలు పట్టుకున్నాయి. అన్నింటి పేర్లూ రాస్తారా?"

ఆవిడ తలుపు మూసి వచ్చి నెమ్మదిగా చెప్పారు. అనుమానం ఉందని పుస్తకంలో రాస్తే పనివాడిగా నా నమోదు రద్దవుతుంది. ఆ రూపం నూకరత్నానికి దక్కాలంటే అధికారి ఉన్న రోజే ఆమె స్వయంగా వచ్చి, తన చేత్తో విప్పి చూపించాలి. రాకపోతే అది ఎవరిదీ కాని రూపమవుతుంది. ఎవరిదీ కానివాటిని యంత్రాలు వాడుకోవచ్చు.

"వారం తిరక్కుండా ఆ నడుము ప్రతి చెత్త సినిమాలోనూ ఉంటుంది. ఆ అమ్మాయికి ఉండదు, మీకు ఉండదు, మనకి ఉండదు. ఎవరికి మంచి చేద్దామని రాస్తారు?"

తెలియదండీ అన్నాను. ఇవన్నీ పుస్తకంలో రాస్తున్నారా అని అడిగారు. రోజూ రాస్తాను కదండీ అన్నాను. "మీతో చచ్చే చావు" అని లోపలికి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం పసుపు లక్క రెండు కడ్డీలు.

8 జులై, ఆదివారం

సెలవు. ఎండ. బట్టలు ఉతుక్కున్నాను.

9 జులై, సోమవారం

ముప్పై ఆరు డిగ్రీలు. గాలి లేదు. విశాలాక్షి గారిని ఒక పూట సెలవడిగి, తీరగాడి రెండో ప్రతి సంచిలో వేసుకుని రాళ్ళపేట రేవుకి పడవబస్సులో వెళ్ళాను. నూకరత్నం అక్కడ బండ్లు చేస్తోందని ఎర్రన్న చెప్పాడు.

రేవులో చేపలమ్మే ఆడవాళ్ళు ఇరవై ముప్పైమంది ఉన్నారు. ఒక్కొక్కరికీ ఒక చిన్న తోపుడుబండి. ఒకావిడ బుట్ట దించి, బండి పిడి ఎడంచేత్తో పట్టుకుని తిప్పింది. చక్రాలు లోపలికి వెళ్ళాయి, అడుగుచెక్క నడిమికి విడిపోయి రెండు పక్కలా వంగింది. బండి పీట అయింది. ఆవిడ దాని మీద కూర్చుని చేపలు కోయడం మొదలుపెట్టింది.

అక్కడే నిలబడ్డాను. ఇంకో ఇద్దరు మడిచేదాకా చూశాను.

నూకరత్నం రేకుల పాక కింద ఇరుసు బిగిస్తోంది. తల ఎత్తి చూసింది.

"ఏటి మావా, దారి తప్పినావా?"

"నీతో పనుండి వచ్చాను."

"నాతో పనేటి? కాల్సడానికి నా కాడ బొమ్మలేటీ నేవు."

సంచిలోంచి తీరగాడిని తీసి ఇచ్చాను. చెయ్యి తుడుచుకుని అందుకుంది. ఎడంచేత్తో. ముందు పడవ చుట్టూ ఒకసారి చూసింది. తర్వాత చూడకుండానే తిప్పింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో మలుపు దగ్గర ఆగలేదు. అయిదు, ఆరు. తీరగాడు ఆమె అరచేతిలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. ఆమె చెయ్యి అక్కడ ఆగింది.

"అయిపోనాది" అంది.

"ఇంకొకటి ఉంది" అని మడమ దగ్గర పట్టుకుని ఏడోది తిప్పాను. మడమ జారి పాదం కిందికి వెళ్ళింది. తీరగాడు నిలబడ్డాడు.

పాదం కింద వేలు పెట్టి చూసింది. "నిలబడ్డాడే! నా పీతగాడు కూకునీవోడు. నిలబెట్టడం నాకు సేతకానేదు. బండికి అదే సాలు, పీటైపోతాది. ఇది నువ్వు సేసినావా?"

"ఏడోది నేను చేశాను. మిగతావి నాకు తెలియదు. అది అడగడానికే వచ్చాను."

నవ్వింది. "తెలిసిపోనాది గదా, మరేటి అడుగుతావు?"

ఆ రోజు ఎందుకు పట్టేసిందని అడిగాను.

"నీకు గురుతు నేదా?"

"పుస్తకంలో లేదు."

"అన్నీ రాస్తావు గదా మావా! అది రాయనేదా? నాను ఎడం సేత్తో పట్టుకుంటే నువ్వేటన్నావు? 'పెద్దోళ్ళకి ఎడం సేత్తో సూపిత్తావేటమ్మా, కుడి సేత్తో సూపించు' అన్నావు. సూపించినాను. పట్టేసింది. ఇంకోపాలి అన్నావు. పట్టేసింది."

"ఎడంచేత్తో తిప్పితే తిరుగుతుందని అప్పుడే చెప్పవలసింది."

"సెప్పినాను. అందరూ నవ్వినారు. 'నీ పీతకీ ఎడంసెయ్యి వాటమేనా' అని ఎర్రన్న అడిగినాడు. మర్యాద నేని పీత అన్నాడు. నువ్వు ఎత్తి పొయ్యిలో ఏసీసినావు."

నాకు గుర్తు లేదు. ఎవరూ నవ్వినట్టు గుర్తు లేదు. మూడుసార్లూ ఆమె ఏ చేత్తో తిప్పిందో పుస్తకంలో లేదు. ఎండ అని ఉంది, లక్క బాగా కరిగిందని ఉంది.

మండలి నిబంధన చెప్పాను. పద్నాలుగో తేదీన వచ్చి తన చేత్తో విప్పితే రూపం ఆమె పేరు మీద నమోదవుతుందని చెప్పాను.

"నాను రాను."

"ఎందుకని?"

"మళ్ళీ మీ బల్ల ముందు నిలబడి సెయ్యి సాపాలా? బండ్లు సేసుకుంటన్నాను. ఈటికి తూనిక నేదు. పట్టేత్తే ఆడోళ్ళు తిడతారు, బాగుసేత్తాను. అదే నాకు పరీచ్చ."

"నువ్వు రాకపోతే యంత్రాల పాలవుతుంది."

"నువ్వు రాయకపోతే అవ్వదు గదా? మరి రాయకు. ఇన్నాళ్ళూ రాయనేదు, ఇంకో పేజీ రాయకపోతే ఏటవుతాది?"

మళ్ళీ ఇరుసు అందుకుంది. నేను లేచాను. నాలుగడుగులు వేశాక వెనక నుంచి అంది: "మావా, మడమ బాగుంది."

తిరుగు పడవబస్సు మూడున్నరకి.

10 జులై, మంగళవారం

మబ్బు. చిత్రిక కత్తుల పిడులు మార్చాను.

ఏడింటిలో ఆరు నూకరత్నానివి. ఒకటి నాది. మడమ మలుపు ఎప్పుడు చేశానో పుస్తకంలో ఉంది. జూన్ 28, 29, 30, మూడు రోజులు. పదకొండు మడమలు పాడుచేశాను. మిగతా ఆరు మలుపులకీ కలిపి పట్టింది ఒక్క పూట. అప్పుడు అది నా అదృష్టం అనుకున్నాను. అంత తేలిగ్గా ఏదీ రాదని నాకు తెలిసి ఉండాలి.

11 జులై, బుధవారం

వాన. రేవుకి వెళ్ళి వచ్చిన సంగతి విశాలాక్షి గారికి చెప్పాను. ఎర్రన్న కూడా అక్కడే ఉన్నాడు.

ఆవిడ ఈసారి కోప్పడలేదు. లెక్కగా మాట్లాడారు.

"ఆరు ఆ అమ్మాయివి. ఒప్పుకుంటున్నాను. ఏడోది లేకపోతే బొమ్మ లేచి నిలబడదు. నిలబడని రోబోని ఎవరూ రోబో అనరు. అంటే దాన్ని రోబోని చేసింది మీరు. అలా రాయండి."

"వాంగ్మూలంలో అలా రాయడానికి చోటు లేదండీ. నాది, లేదా నాది కాదు."

"అయితే నాది అని రాయండి. తర్వాత సినిమా మొదట్లో ఆ అమ్మాయి పేరు వేద్దాం. పెద్ద అక్షరాల్లో. నేను మాటిస్తున్నాను."

ఆవిడ మాట తప్పే మనిషి కాదు. అది కూడా ఇక్కడ రాయాలి.

ఎర్రన్నని అడిగాను, నువ్వు ఆ రోజు నవ్వావా అని.

"నవ్వినానేమో బావా. రోజూ నవ్వుతాను గదా, ఏ రోజు దేనికి నవ్వినానో ఎలగ సెప్తాను?" తర్వాత కడ్డీ కింద పెట్టి అన్నాడు: "పద్నాలుగు మందిమి ఉన్నాం బావా ఇక్కడ. నీ పుస్తకం రద్దైపోతే నీకు ఇంకో పుస్తకం ఇవ్వరు. పుస్తకం నేనోడు కత్తి ముట్టకూడదు. నువ్వేటి సేత్తావు? మేవేటి సేత్తాం?"

కాళ్ళ ముక్కలకి గరుకు కాగితం పట్టాను.

12 జులై, గురువారం

ఎండ. మణికట్టు కట్టు విప్పాను. నొప్పి లేదు. కుడిచేత్తో తీరగాడిని తిప్పి చూశాను. నాలుగో మలుపు దగ్గర పట్టేసింది. మూడుసార్లు తిప్పాను.

తరిణి శుభ్రం చేశాను.

13 జులై, శుక్రవారం

ముప్పై ఆరు డిగ్రీలు. ఉదయం అందరినీ బల్ల దగ్గరకు పిలిచాను. ఇరవై రెండేళ్ళలో నేను పిలవడం ఇదే మొదలని ఎవరో అన్నారు. రేపు రాయవలసిన వాంగ్మూలం ఈరోజే రాసి చదివి వినిపించాను. ఇదీ అది:

"తీరగాడి రూపంలో ఏడు మలుపులు ఉన్నాయి. మొదటి ఆరు సియాద్రి నూకరత్నానివి. 19 ఫిబ్రవరి 2088న ఆమె నమూనా నా చేతిలోకి వచ్చింది. ఎడంచేత్తో విప్పవలసిన దాన్ని కుడిచేత్తో విప్పమన్నది నేను. పట్టేసిందని కాల్పించింది నేను. ఆ సంగతి ఆ రోజు పుస్తకంలో రాయలేదు. మూడేళ్ళ తర్వాత నా చేతులు అదే చేశాయి. తెలిసి చేశాయో తెలియక చేశాయో చెప్పలేను. ఈ రూపం నాది కాదు."

విశాలాక్షి గారు పుస్తకం తీసుకుని ఒక తప్పు చూపించారు. తేదీ పక్కన వారం రాయలేదు. రాశాను. ఆవిడ తన గదిలోకి వెళ్ళి సాయంత్రం దాకా బయటికి రాలేదు.

ఎర్రన్న మధ్యాహ్నం అన్నం తినలేదు. అతను అన్నం మానడం నేను చూడలేదు.

బొమ్మల ముక్కలన్నీ వరసగా సర్ది గుడ్డ కప్పాను.

14 జులై, శనివారం

ఉదయం చిన్న జల్లు, తర్వాత ఎండ. ముప్పై మూడు. బల్ల తుడిచాను, గాజుపెట్టె తుడిచాను, కుర్చీలు వేశాను.

పది గంటలకు అధికారి వచ్చారు. పేరు మెహరున్నీసా. యాభై ఏళ్ళుంటాయి. టీ వద్దన్నారు. వాంగ్మూలం చదివారు, పాత పేజీ చదివారు, మళ్ళీ వాంగ్మూలం చదివారు.

"నూకరత్నం గారు వచ్చారా?"

"లేదండీ."

"వస్తారా?"

"రానన్నారు."

"నాకు నాలుగు గంటల వరకు ఇక్కడే పని. అప్పటిదాకా కూర్చుంటాను. నాలుగింటికి రాసేస్తాను, ఎవరిదీ కాదని." అప్పుడు టీ అడిగారు.

పదకొండు అయింది. పన్నెండు అయింది. విశాలాక్షి గారు కిటికీ దగ్గర నిలబడ్డారు. ఎర్రన్న రెండుసార్లు గేటు దాకా వెళ్ళి వచ్చాడు. ఒంటిగంటకి అధికారి డబ్బా విప్పి పెరుగన్నం తిన్నారు. నేను మళ్ళీ గాజుపెట్టె తుడిచాను.

రెండూ నలభైకి బయట చక్రాల చప్పుడు అయింది. నూకరత్నం బండి తోసుకుంటూ లోపలికే వచ్చేసింది. చేపల నీళ్ళు నేల మీద కారాయి.

"మావ కోసం రానేదు" అంది అందరికీ వినపడేలా. "రేవులో ఆడోళ్ళు తగులుకున్నారు. 'మన బండి మడత ఎవుడో యంత్రంగాడు ఎత్తుకుపోతే ఊరుకుంటావేటే' అని తిట్టినారు. సుట్టూ నిలబడిపోయి పడవెక్కించీదాకా ఒగ్గనేదు. ఏదీ బొమ్మ?"

అధికారి తీరగాడిని ఆమె ముందు పెట్టారు. "మీకు ఎలా అలవాటో అలా తిప్పండి" అన్నారు.

ఎడంచేత్తో తిప్పింది. తూనిక ముందు ఆరు మలుపులు తిరిగాయి. ఎక్కడా ఆగలేదు. తీరగాడు కూర్చున్నాడు. ఆమె చెయ్యి తీసేసింది.

"ఏడో మలుపు?" అన్నారు అధికారి.

"అది నాది కాదు."

అధికారి కళ్ళజోడు తీసి చెప్పారు. పైడయ్య గారి పేరు రద్దవుతుంది కాబట్టి ఏడోది ఆయన పేరు మీద నమోదు కాదు. మీరు తిప్పితే మొత్తం రూపం మీ పేరు మీదే నమోదవుతుంది. తిప్పకపోతే ఆరే మీవి. ఏడోది ఎవరిదీ కాదు. రేపటి నుంచి యంత్రాలు వాడుకోవచ్చు, శాలలు మాత్రం తమ రూపంలో కలుపుకోకూడదు.

విశాలాక్షి గారు "తిప్పమ్మా" అన్నారు. ఎర్రన్న "తిప్పీయే" అన్నాడు. నూకరత్నం నా వైపు చూసింది.

"తిప్పు" అన్నాను. "నేను ఇస్తున్నాను. తిప్పు."

"నువ్వు ఊరుకో మావా" అంది. "ఓపాలి నీ మాట ఇని తిప్పినాను."

అధికారి రాసుకున్నారు. ఆరు మలుపులు, సియాద్రి నూకరత్నం, తూనిక అంకె పద్నాలుగు. ఏడో మలుపు, ఎవరిదీ కాదు.

కూర్చున్న బొమ్మతో సినిమా ఎలా తీస్తానని విశాలాక్షి గారు అడిగారు. ఎవరిని అడిగారో తెలియదు. నూకరత్నం బండి మడిచి పీట చేసి దాని మీద కూర్చుంది.

"నిలబెడతాను. నా మలుపుతోటి. మావ మడమ సూసేసినాను గాబట్టి మడమ కాడ ముట్టను. ఇంకెక్కడినుంచో లేపాల. రోజులు పడతాది. నా పేరు ముందు రాత్తావా అమ్మా, ఎనకాలా?"

"ముందే" అన్నారు విశాలాక్షి గారు.

"అయితే పుస్తకం ఇయ్యండి నాకొకటి."

అధికారి సంచిలోంచి కొత్త పనిపుస్తకం తీసి ఇచ్చారు. నూకరత్నం మొదటి పేజీ తెరిచి తేదీ ఎక్కడ వేయాలని ఎర్రన్నని అడిగింది. అతను చూపించాడు. నవ్వలేదు.

ఈ పుస్తకానికి దారం కట్టి ముద్ర వేసి అధికారి తీసుకుపోతారు. ఈరోజు పనులు రాసి ఇమ్మన్నారు, ఆగుతానన్నారు. అయిదు నిమిషాలు అడిగాను.

ఉదయం: బల్ల, గాజుపెట్టె, కుర్చీలు. మధ్యాహ్నం: గాజుపెట్టె రెండోసారి, నేల మీద చేపల నీళ్ళు తుడిచాను. సాయంత్రం: నూకరత్నం పని మొదలుపెట్టింది. జానెడు అంకుడు చెక్క కావాలని పిలుస్తోంది, ముడి లేనిది, ఆరినది. లోపలి గదిలో రెండు ఉండాలి. చూసి...